జవాబే అసలు ప్రకటన

2025 ఏప్రిల్‌లో కొన్ని రోజులపాటు తెలుగువాళ్ల ఫోన్లన్నీ పచ్చళ్ల గొడవతో నిండిపోయాయి. గోదావరి ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం పచ్చళ్లు పెట్టి వాట్సాప్ మీద అమ్మేది. ఇన్‌స్టాగ్రామ్‌లో మంచి పేరుండేది. రేటు ఇంత ఎక్కువేమిటని ఒక కొనుగోలుదారు అడిగాడు. బదులుగా బూతులతో వాయిస్ మెసేజ్ వచ్చింది. అది బయటికి పొక్కింది. చూస్తుండగానే మీమ్స్, రీల్స్, పేరడీలు. ఆర్డర్లు తీసుకునే నంబర్ మూతపడింది, క్షమాపణ వీడియోలు వచ్చాయి. ఆ ఇంటి ఆడవాళ్ల మీద తర్వాత సాగిన వెక్కిరింతలు హద్దు మీరాయి, వాటిని ఎవరూ సమర్థించకూడదు. కానీ వ్యాపారం చేసేవాళ్లు ఇందులో ఒక సంగతి గమనించాలి. గొడవ మొదలైంది పచ్చడి రుచి దగ్గర కాదు, శుచి దగ్గర కాదు, పార్సిల్ ఆలస్యం దగ్గరా కాదు. ఒక్క జవాబు దగ్గర.

ఇదే మాట ముప్ఫై ఏళ్ల కిందట కొట్లో కౌంటర్ దగ్గర అని ఉంటే, విన్నవాడు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయేవాడు. ఇంట్లో చెప్పేవాడు, పక్కింట్లో చెప్పేవాడు. ఆ వీధిలో నాలుగు బేరాలు పోయేవి, అంతటితో సరి. అప్పట్లో గోడమీద రాత, సినిమా హాల్లో స్లైడు, పేపర్లో ప్రకటన, రేడియోలో పాట ఉండేవి. అన్నింట్లోనూ చెప్పేది వ్యాపారి, వినేది జనం. సోషల్ మీడియా ఆ వరసను తిరగేసింది. ఇప్పుడు సరుకు గురించి ఎక్కువగా మాట్లాడేది కొన్నవాళ్లే. ప్రకటనకు ఎంత ఖర్చుపెట్టినా, దాని కింద కామెంట్లలో ఏముందో చూశాకే కొత్తవాళ్లు నమ్ముతున్నారు. ఆ కామెంట్లను వ్యాపారి రాయలేడు, చెరిపినా దాగవు. వాటికి తానేం జవాబిచ్చాడన్నది మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉంది. ప్రకటన ఎలా తయారుచేయాలో చెప్పే పుస్తకాలు బజార్లో కొల్లలు. జవాబు సంగతి పట్టించుకునేవి తక్కువ. ఈ అధ్యాయం జవాబు గురించే.

ఈ మార్పు ఎంత పెద్దదో ప్రపంచానికి తెలిసింది ఒక గిటార్ వల్ల. కెనడాలోని హాలిఫాక్స్‌కు చెందిన గాయకుడు డేవ్ కారల్ 2008 మార్చి 31న యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో అమెరికాలోని ఒమాహాకు వెళ్తున్నాడు. మధ్యలో చికాగోలో విమానం ఆగింది. సామాను దించేవాళ్లు గిటార్లను విసిరేస్తున్నారని కిటికీలోంచి చూసిన ఒక ప్రయాణికురాలు గట్టిగా అంది. చివరికి చూసుకుంటే 3,500 డాలర్ల టేలర్ గిటార్ విరిగిపోయి ఉంది. బాగుచేయించడానికి 1,200 డాలర్లయింది. ఆ సొమ్ము కోసం అతను తొమ్మిది నెలలు ఫోన్లు చేశాడు, ఈమెయిళ్లు పెట్టాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. 24 గంటల్లో ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఏమీ ఇవ్వలేమన్నది చివరి మాట.

అతను పాట కట్టాడు. 2009 జూలై 6న యూట్యూబ్‌లో పెట్టాడు. ఒక్క రోజులో లక్షన్నర సార్లు, ఆగస్టు మధ్యకల్లా యాభై లక్షల సార్లు చూశారు. అప్పుడు కంపెనీ దిగివచ్చి పరిహారం ఇస్తానంది, అతను వద్దన్నాడు. ఆ డబ్బేదో ఇంకెవరికైనా ఇవ్వమంటే, కంపెనీ 3,000 డాలర్లు ఒక జాజ్ సంగీత సంస్థకు విరాళంగా ఇచ్చింది.

ఈ పాట దెబ్బకే యునైటెడ్ షేరు పది శాతం పడిపోయిందని చాలాచోట్ల రాస్తుంటారు. షేరు ధర కదలడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఒక్క పాట ఖాతాలో అదంతా వేయడం సరికాదు. ఆ లెక్క లేకపోయినా పాఠానికి లోటు లేదు. తొమ్మిది నెలల్లో అతనితో మాట్లాడినవాళ్లు నిబంధన చదివి వినిపించారు, లేదంటే ఇంకొకరి దగ్గరికి పంపారు. ‘సరే, మా వల్లే పోయింది, ఇదిగో’ అనే మాట ఒక్కరి నోటా రాలేదు. చిన్న దుకాణానికి కూడా ఇది వర్తిస్తుంది. కస్టమర్ల మెసేజ్‌లు చూసే అమ్మాయికి ఐదొందలో వెయ్యో, కొంత మొత్తం వరకు అక్కడికక్కడే తిరిగిచ్చే అధికారం ఇచ్చి ఉంచాలి. ‘ఓనర్‌గారిని అడిగి చెప్తాం’ అన్న మాట మూడోసారి విన్న కొనుగోలుదారు మామూలుగా నాలుగోసారి అడగడు. రివ్యూ రాస్తాడు.

అదే 2009లో, ఏప్రిల్‌లో, డామినోస్ పిజ్జాకు ఇంకో రకం దెబ్బ తగిలింది. అమెరికాలోని నార్త్ కెరొలినా రాష్ట్రంలో, కానోవర్ అనే చిన్న ఊరి శాఖలో ఇద్దరు ఉద్యోగులు తినే పదార్థాలతో అసహ్యంగా చేస్తూ వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. మనం మాట్లాడితే తెలియనివాళ్లకు కూడా తెలుస్తుందని కంపెనీ మొదట మౌనంగా ఉంది. ఈలోగా వీడియోను చూసినవాళ్లు పది లక్షలు దాటారు. సుమారు రెండు రోజుల తర్వాత అమెరికా విభాగం అధ్యక్షుడు పాట్రిక్ డాయిల్ అదే యూట్యూబ్‌లో కనిపించి క్షమాపణ చెప్పాడు. మంట ఎక్కడ లేచిందో అక్కడే నీళ్లు చల్లాలన్న సంగతి ఆ కంపెనీకి రెండు రోజులు ఆలస్యంగానైనా తెలిసింది. ఆ ఏడాది చివర్లో అది ఇంకా పెద్ద సాహసం చేసింది. మీ పిజ్జా అట్టముక్కలా ఉందని జనం అన్న మాటలను తన ప్రకటనల్లోనే చూపించి, వంట పద్ధతి మార్చామని చెప్పుకుంది. తిట్టును దాచకుండా ముందు పెట్టి, దానికి చేతలతో బదులివ్వడం అంతకుముందు పెద్ద కంపెనీలు అరుదుగా చేసిన పని.

జవాబుల వల్ల నిజంగా గిరాకీ పెరుగుతుందా? కొలిచి చూసినవాళ్లున్నారు. అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఉన్న మైకేల్ లూకా సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల ఆదాయాన్ని, యెల్ప్ అనే సైట్‌లో వాటి రేటింగ్‌ను పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని 2011లో తేల్చాడు. గొలుసు హోటళ్లకు ఈ ప్రభావం కనిపించలేదు, సొంతంగా నడిచే చిన్న హోటళ్లకే కనిపించింది. పేరున్నవాళ్లకు పేరు చాలు, పేరులేని చిన్నవాళ్లకు రివ్యూనే పేరు. తర్వాత డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు టెక్సస్‌లోని హోటళ్లను చూశారు. ట్రిప్ అడ్వైజర్‌లో రివ్యూలకు జవాబులివ్వడం మొదలుపెట్టిన హోటళ్లకు రివ్యూలు 12 శాతం పెరిగాయి, రేటింగ్ 0.12 స్టార్ మేర పైకి వెళ్లింది. పెరుగుదల చిన్నదిగా అనిపించొచ్చు. అయితే అందుకు కారణం ఆలోచించదగ్గది. యజమాని చదువుతున్నాడు, బదులిస్తున్నాడు అని తెలిసినచోట ఊరికే నోరు పారేసుకునేవాళ్లు తగ్గారు. నెగెటివ్ రివ్యూలు సంఖ్యలో తగ్గి, వివరంగా, పొడుగ్గా రాసినవి మిగిలాయి.

ఇక మన బజారుకు వద్దాం. సాయంత్రం ఏ తెలుగు చీరల ఛానల్ లైవ్ పెట్టినా ఒకటే సందడి. ఒకావిడ కొంగు పరిచి, బోర్డర్ కెమెరాకు దగ్గరగా పెట్టి, చీర తిప్పి వెనకవైపు కూడా చూపిస్తుంది. ‘నచ్చిన చీర స్క్రీన్‌షాట్ తీసి కింద ఉన్న నంబర్‌కు వాట్సాప్ చెయ్యండమ్మా, సింగిల్ పీస్’ అంటుంది. కామెంట్లలో ఒకరు కరీంనగర్, ఒకరు డాలస్, ఒకరు బెంగళూరు. డబ్బు ఫోన్‌పేలో పడుతుంది, చీర కొరియర్‌లో వెళ్తుంది. 2016లో యూపీఐ, అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో చవక డేటా, 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చాక ఇదంతా సాధ్యమైంది. దుకాణానికి అడ్వాన్స్ కట్టలేని వేలాది గృహిణులు దీనివల్ల వ్యాపారులయ్యారు. ఇది చాలా గొప్ప సంగతి, మార్కెటింగ్ పుస్తకాలు ఇంకా సరిగ్గా పట్టించుకోని సంగతి.

కానీ ఇదే బజార్లో నమ్మకాన్ని తినేసే అలవాట్లు మూడు పాతుకుపోయాయి.

మొదటిది, ధర చెప్పకపోవడం. ‘ప్రైస్ ఎంతండీ’ అని కామెంట్ పెడితే ‘ఇన్‌బాక్స్ చూడండి’ అని బదులు. మనిషిని చూసి రేటు చెప్తున్నారేమోనన్న అనుమానం అక్కడే పుడుతుంది. ధర బయటపెడితే పోటీవాళ్లు చూస్తారన్నది వ్యాపారుల భయం. పోటీవాళ్లు ఎలాగూ వేరే నంబర్ నుంచి అడిగి తెలుసుకుంటారు. దాచినందువల్ల దూరమయ్యేది నిజంగా కొనాలనుకున్నవాళ్లే. ధర ఎక్కువైతే ఎందుకెక్కువో చెప్పాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును ముడులు కట్టి, రంగులద్ది, ముడులు విప్పి మళ్లీ రంగులద్దాలి. ఆ డిజైన్‌నే మిల్లు గుడ్డ మీద అచ్చొత్తితే నిమిషాల పని. ఈ తేడా అరనిమిషం వీడియోలో చూపించిన నేతగాడు బేరమాడకుండానే అమ్ముకోగలడు. పచ్చడైనా అంతే. పప్పునూనె వాడామని, కారం ఎక్కడిదని, మాగాయ ఎన్ని ఎండల్లో ఆరిందని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. రేటెందుకెక్కువ అన్న ప్రశ్నను అవమానంగా తీసుకోకూడదు. కొనాలని ఉన్నవాళ్లే ఆ ప్రశ్న అడుగుతారు.

రెండోది, ‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్’. దానికి తోకగా ‘పార్సిల్ ఓపెనింగ్ వీడియో తప్పనిసరి’. వీడియో అడగడంలో తప్పులేదు, మోసం చేసే కొనుగోలుదారులూ ఉన్నారు. కానీ చిరుగున్న చీర, పగిలిన సీసా పంపి, పోస్టులో ముందే రాశాంగా అని తప్పించుకోవడం కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోనని మొండికేయడం అక్రమ వ్యాపార పద్ధతి. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలో పరిష్కరించాలని అంటున్నాయి. కొనుగోలుదారు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. చట్టానికి భయపడి కాదు, ఇంటి దగ్గర కూర్చుని చూడకుండా డబ్బు పంపిన మనిషి మీద గౌరవంతో ఈ పని చేయాలి.

మూడోది, కోపం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మంచివాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఇంటి వ్యాపారంలో సరుకు చేసేది, ప్యాక్ చేసేది, జవాబిచ్చేది ఒక్కరే. పొద్దున నుంచి పొయ్యి దగ్గర నిలబడి, కొరియర్‌వాడి కోసం ఎదురుచూసి, రాత్రి పదకొండింటికి ఫోన్ తీస్తే వంద మెసేజ్‌లు. సగం ‘హాయ్’లు. పాతిక మంది అడిగిన రేటే అడుగుతారు. అందులో ఒకరు ‘ఇంత దోపిడీయా’ అంటారు. ఓపిక నశించేది అక్కడే. మైక్ బొమ్మ మీద వేలు పడేది అక్కడే. కాబట్టి సలహా సూటిగా: ఫిర్యాదుకు ఎప్పుడూ వాయిస్ మెసేజ్ పంపకూడదు. టైప్ చేయాలి, పంపే ముందు ఇంట్లో ఇంకొకరికి చూపించాలి. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చినవాటికి పొద్దున చూస్తామని వాట్సాప్ బిజినెస్‌లో ‘ఎవే’ (Away) మెసేజ్ పెట్టి ఫోన్ పక్కన పడేయాలి. రేటు, డెలివరీ రోజులు, చిరునామా వంటి రోజూ వచ్చే ప్రశ్నలకు క్విక్ రిప్లైలు తయారుగా ఉంచుకోవాలి. ఫిర్యాదులకు మాత్రం తయారు జవాబు వాడకూడదు. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న వాక్యం చదవగానే అవతలివాళ్లకు తెలిసిపోతుంది, తమ మెసేజ్ ఎవరూ చదవలేదని.

మంచి జవాబు ఎలా ఉంటుందో చూడండి: ‘అమ్మా, ఫోటో చూశాం. గోంగూర సీసా మూత దగ్గర పగిలింది. తప్పు మా ప్యాకింగ్‌దే. రేపు సాయంత్రంలోగా ఇంకో సీసా పంపి, ట్రాకింగ్ నంబర్ ఇక్కడే పెడతాం. పాతది వాడకండి, గాజుపెంకులు ఉండొచ్చు.’ ఇందులో పొగడ్త లేదు, సాకు లేదు. ఏ సీసా, ఎక్కడ పగిలింది అన్నది తిరిగి చెప్పడంతో చదివారన్న నమ్మకం వస్తుంది. తప్పు ఎవరిదో తేలింది. ఎప్పటిలోగా ఏం చేస్తారో తెలిసింది. చివరి వాక్యంలో అవతలి మనిషి క్షేమం ఉంది. ఈ జవాబు స్క్రీన్‌షాట్‌గా ఎక్కడ తిరిగినా వ్యాపారికి మేలే చేస్తుంది. ప్రతి జవాబూ రేపు పదిమంది చూస్తారనుకుని రాస్తే చాలు, భాష దానంతటదే అదుపులో ఉంటుంది.

బెదిరించి ఉచితంగా కొట్టేద్దామనుకునేవాళ్లు ఉంటారు. పార్సిల్ అందినట్టు కొరియర్ రికార్డు ఉన్నా రాలేదంటారు, వన్ స్టార్ ఇస్తామంటారు. వాళ్లకు లొంగనక్కర్లేదు. తేదీ, ట్రాకింగ్ వివరం, తాము చేయగలిగింది ఒక్కసారి మర్యాదగా రాసి అక్కడితో ఆపేయాలి. పక్కనుండి చదివే వందమందికి ఎవరిది న్యాయమో అర్థమవుతుంది. రెండో జవాబు, మూడో జవాబు రాస్తూ పోతే న్యాయం ఉన్నవాళ్లు కూడా గయ్యాళులుగా కనిపిస్తారు.

వైరల్ కావడమే మార్కెటింగ్ అనుకునేవాళ్లు హైదరాబాద్ మాదాపూర్‌లోని కుమారి ఆంటీ కథ గుర్తుంచుకోవాలి. రోడ్డు పక్కన అన్నం, మాంసం కూరలు అమ్మే ఆమె మాట, పిలుపు యూట్యూబర్లకు నచ్చింది. 2024 జనవరి వచ్చేసరికి ఆ బండి దగ్గర తినేవాళ్ల కంటే ఫోన్లు పట్టుకున్నవాళ్లు ఎక్కువయ్యారా అన్నంత జనం. ట్రాఫిక్ ఆగింది, పోలీసులు బండి ఎత్తించారు. దాని మీద మళ్లీ సోషల్ మీడియా అంతా గగ్గోలు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. అందరికీ ముఖ్యమంత్రి రారు. రోజుకు ముప్ఫై సీసాలు పట్టే వంటింటికి ఒక్క రీల్ వల్ల మూడు వందల ఆర్డర్లొస్తే, డబ్బు తీసుకుని పంపలేకపోవడం, తొందరలో రుచి చెడటం, ఆ తర్వాత తిట్లు తప్పవు. ఆర్డర్లు మించినప్పుడు ‘ఈ వారానికి అయిపోయాయి, వచ్చే సోమవారం మళ్లీ తీసుకుంటాం’ అని పోస్ట్ పెట్టే ధైర్యం ఉండాలి. ఆ పోస్ట్ చూసి ఎదురుచూసేవాళ్లే నికరమైన ఖాతాదారులు.

ఇంకో ప్రమాదం, ఫాలోవర్లు తమవాళ్లే అనుకోవడం. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. లక్షల మంది అభిమానులున్న తెలుగు కళాకారులకు తెల్లారేసరికి ఆ లక్షల్లో ఒక్కరిని చేరే దారి కూడా లేకుండా పోయింది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఆరు గంటల పాటు ఆగిపోయాయి. వీటి మీద కట్టుకున్నది అద్దె ఇంట్లో పెట్టుకున్న దుకాణం లాంటిది, యజమాని ఎప్పుడు ఏ గోడ జరుపుతాడో తెలియదు. అందుకే కొన్నవాళ్ల పేరు, నంబర్, ఏం కొన్నారు, ఎవరికి కారం తక్కువ కావాలి అన్నది ఒక నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో సొంతంగా రాసి ఉంచుకోవాలి. ఆ నంబర్లను ఇంకెవరికీ అమ్మకూడదు, అడగకుండా గ్రూపుల్లో చేర్చకూడదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పడతారు, అదీ వ్యాపారి నంబర్‌ను సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. అంటే ఆ మెసేజ్ అందిన ప్రతి మనిషీ తన ఇష్టంతో ఆ నంబర్‌ను దాచుకున్నాడన్నమాట. రోజూ గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపి ఆ ఇష్టాన్ని పోగొట్టుకోకూడదు.

డబ్బిచ్చి చెప్పించుకునే మెచ్చుకోళ్ల సంగతి ఒక్క మాటలో తేల్చేయవచ్చు: ప్రకటన అయితే ప్రకటన అని పైనే రాయించాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఈ విషయం స్పష్టంగా చెప్పింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారంటూ హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమావాళ్ల మీద కేసులు నమోదయ్యాక, పేరున్నవాళ్లు ఏం చెప్పినా చెల్లుతుందన్న ధీమా తెలుగునాట సడలింది. బంధువుల చేత ఐదు స్టార్లు వేయించడం కూడా ఈ కోవలోదే. తానే కొనుగోలుదారుగా నటించి రివ్యూ రాసుకోవడాన్ని ఈ-కామర్స్ నిబంధనలు నేరుగా వద్దన్నాయి.

ఈ అధ్యాయం చదవడం ఆపి, ఇప్పుడే మీ వాట్సాప్, మీ గూగుల్ రివ్యూలు తెరవండి. జవాబివ్వకుండా వదిలేసిన ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాతది వెతకండి. ఆరు నెలల కిందటిదైనా సరే, ఆ మనిషి పేరు పెట్టి పిలిచి, ఆలస్యానికి కారణాలు చెప్పకుండా, ఇప్పుడు ఏం చేయగలరో రాసి పంపండి. ఆ తర్వాత దాని పైనున్నది తీయండి.